కింది తాడు కింద నుంచి: ముయే థాయ్ ఆడిన ఆడవాళ్ళు

ఈసారి పాఠం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

నాలుగు మూలల్లో నాలుగు స్తంభాలున్నాయి. చుట్టూ వరసగా తాళ్ళు కట్టారు. మధ్యలో ఎత్తుగా అరుగులాంటి బరి ఉంది. ఇద్దరు ఆటగాళ్ళు అందులోకి వెళ్ళాలి. ఒక అబ్బాయి వచ్చాడు. పై తాడు మీదుగా కాలు వేసి దర్జాగా దాటి లోపలికి దూకాడు. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. నడుము వంచి, దాదాపు పాక్కుంటూ, అన్నిటికన్నా కింద ఉన్న తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్ళింది. ఇద్దరిదీ ఒకే ఆట. తగిలే దెబ్బ ఒకటే, కారే చెమటా ఒకటే. మరి లోపలికి వెళ్ళే దారి ఎందుకు వేరయింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే మనం థాయ్‌లాండ్ వెళ్ళాలి. మ్యాపు తీసి చూడండి. బంగాళాఖాతం దాటి తూర్పుగా పోతే మయన్మార్, దాని పక్కన థాయ్‌లాండ్. అటు పక్క లావోస్, కంబోడియా. కింద మలేషియా. రాజధాని బ్యాంకాక్. వరి పండే దేశం, బుద్ధుణ్ణి కొలిచే దేశం. అక్కడి వాళ్ళ పాత యుద్ధవిద్య పేరు ముయే థాయ్. పొరుగునున్న కంబోడియాలో, లావోస్‌లో, మయన్మార్‌లో కూడా దీనికి అక్కచెల్లెళ్ళలాంటి విద్యలున్నాయి.

1. ఈ విద్య ఎలా ఉంటుంది?

మామూలు బాక్సింగులో పిడికిళ్ళు మాత్రమే వాడాలి. ముయే థాయ్‌లో ఎనిమిది ఆయుధాలు. లెక్కపెట్టండి: రెండు పిడికిళ్ళు, రెండు మోచేతులు, రెండు మోకాళ్ళు, రెండు కాళ్ళు. అందుకే దీన్ని ఎనిమిది అంగాల విద్య అంటారు. కాలితో కొట్టేటప్పుడు పాదంతో కాక, మోకాలికీ పాదానికీ మధ్య ముందువైపు ఉండే గట్టి ఎముకతో కొడతారు. అరికాలితో ఎదుటివాణ్ణి దూరంగా నెట్టే దెబ్బ ఒకటుంది, దాని పేరు తీప్. దగ్గరికి వస్తే మెడ చుట్టూ చేతులు వేసి పట్టు పడతారు. ఆ పట్టులోంచే మోకాలి దెబ్బ వస్తుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళే గెలుస్తారని లేదు. నిలకడగా నిలబడటం, ఎదుటివాళ్ళ కాలు లేచే క్షణం పసిగట్టడం, ఇవి వచ్చినవాళ్ళకి బలం తోడవుతుంది.

మామూలుగా పోటీ 5 రౌండ్లు. మగవాళ్ళకు ఒక్కో రౌండు 3 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాల విరామం. ఆడవాళ్ళ పోటీల్లో చాలాచోట్ల రౌండు 2 నిమిషాలే. అంటే మగవాళ్ళది 15 నిమిషాల ఆట అయితే వాళ్ళది 10 నిమిషాల ఆట. మామూలుగా దాదాపు ఒకే బరువున్న వాళ్ళను ఎదురెదురు నిలబెడతారు. ఎవరు గెలిచారో జడ్జీలు చెబుతారు.

ఇక్కడ మనకి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు బరిలో మోకాళ్ళ మీద కూర్చుని నేలకు తల ఆనించి దండం పెడతారు. తర్వాత నెమ్మదిగా ఒక నాట్యం చేస్తారు. దాన్ని వై ఖ్రూ అంటారు. ఖ్రూ అంటే ఎవరనుకున్నారు? మన గురువే! సంస్కృతంలోని గురు అనే మాట అక్కడికి పోయి ఖ్రూ అయింది. వై అంటే చేతులు జోడించి పెట్టే దండం. అంటే గురువందనం అన్నమాట. ఆ సమయంలో తలకు ఒక పవిత్రమైన పట్టీ కట్టుకుంటారు. దాని పేరు మొంఖొన్. అది మన మంగళం అనే మాటే. పోటీ మొదలయ్యే ముందు గురువు ఆ పట్టీని తల మీంచి తీసేస్తాడు.

ఆట జరుగుతున్నంతసేపూ పక్కన వాద్యాలు మోగుతూనే ఉంటాయి. సన్నాయిలాంటి ఊదే వాద్యం, రెండు డోళ్ళు, చిన్న తాళాలు. మొదట నిదానంగా మొదలై, పోటీ వేడెక్కిన కొద్దీ దరువు కూడా వేగం పుంజుకుంటుంది. డప్పు మోగితే మన కాళ్ళు ఆగవు గదా, అక్కడా అలాగే.

2. తాకకూడదు అనే నియమం

బ్యాంకాక్‌లో రెండు పెద్ద స్టేడియాలున్నాయి. ఒకటి రాజదమ్నెన్. అది 1945 డిసెంబరు 23న మొదలయింది. రెండోది లుంపినీ. అది 1956 డిసెంబరు 8న మొదలయింది. లుంపినీ అనే పేరు బుద్ధుడు పుట్టిన లుంబినీ వనం పేరే. దీన్ని నడిపేది థాయ్ సైన్యం. ముయే థాయ్ ఆడేవాడికి ఈ రెండు బరుల్లో ఆడటమే పెద్ద కల. అక్కడ గెలిస్తే పేరు, బెల్టు, డబ్బు. పల్లెటూరి కుర్రాడు ఒక్కడు అక్కడ గెలిస్తే ఇంటి అప్పు తీరుతుంది, చెల్లెలి చదువు సాగుతుంది. ముఖ్యంగా ఈశాన్ అని పిలిచే ఈశాన్య ప్రాంతంలో పేదరికం ఎక్కువ. అక్కణ్ణించి ఎంతోమంది పిల్లలు ఈ విద్యలోకి వస్తారు.

కాని అప్పట్లో ఆ రెండు బరుల్లోకి ఆడవాళ్ళు పోకూడదనేవారు. ఆడకూడదనడమే కాదు, బరిని చేత్తో ముట్టుకోకూడదని కూడా అనేవారు. ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన ఆడ విలేకరి అయినా సరే, ఆటగాడి తల్లి అయినా సరే, దూరంగా ఉండాల్సి వచ్చేది.

ఎందుకట? బరిని పూజలు చేసి పవిత్రం చేస్తారు. ఆటగాళ్ళు తాయెత్తులు కట్టుకుంటారు, ఒంటి మీద యంత్రాలు పచ్చబొట్లుగా పొడిపించుకుంటారు. ఇవి తమను దెబ్బల నుంచి కాపాడతాయని వాళ్ళ నమ్మకం. ఆడవాళ్ళకు నెలసరి వస్తుంది కాబట్టి, వాళ్ళు తాకితే ఆ శక్తి పోతుందని, అప్పుడు మగవాళ్ళకు దెబ్బలు తగులుతాయని చెప్పేవారు.

చెల్లెళ్ళూ, ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? ముట్టుకోకు, అటు పోకు, ఆ గడప దాటకు అనే మాటలు మనకూ కొత్త కాదు. దేశం వేరు, భాష వేరు, మాట మాత్రం ఒకటే.

ఊళ్ళల్లో జరిగే చిన్న పోటీల్లో ఆడవాళ్ళను ఆడనిచ్చేవారు. గుడి జాతరల్లో, పండగల్లో తాత్కాలికంగా కట్టే బరుల్లో అమ్మాయిల పోటీలు జరిగేవి. అక్కడ కూడా ఒక షరతు ఉండేది. మగవాడు పై తాడు దాటి వస్తాడు, ఎందుకంటే అతని తల అన్నిటికన్నా పైన ఉండాలి. ఆడది మాత్రం కింది తాడు కింద నుంచే దూరాలి. తాళ్ళ మీదుగా ఆమె దాటితే బరి మైల పడుతుందని. మనం మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే.

దీనివల్ల నష్టం ఏమిటో కూడా ఆలోచించాలి. వంగి దూరడం అవమానం, నిజమే. అంతకన్నా పెద్ద నష్టం డబ్బులో ఉంది. పెద్ద స్టేడియంలో ఆడకపోతే పెద్ద బెల్టు రాదు. బెల్టు లేకపోతే పేరు రాదు. పేరు లేకపోతే ఎక్కువ డబ్బిచ్చి పిలిచేవాళ్ళుండరు. డబ్బు రాదని తెలిసినప్పుడు ఇంట్లో వాళ్ళు కూతురికి బదులు కొడుకునే శిక్షణకు పంపుతారు. అమ్మాయిలు తక్కువైతే ఆడటానికి జోడీ దొరకదు. అప్పుడు జనం ఏమంటారు? చూశారా, ఆడపిల్లలకి ఈ ఆట మీద ఆసక్తే లేదు అంటారు! తలుపు మూసినవాడే, లోపలికి ఎవరూ రాలేదేమని అడిగినట్టుంది ఈ సంగతి.

3. కత్తి పట్టిన అక్కచెల్లెళ్ళు

థాయ్‌లాండ్ చరిత్రలో ఆడవాళ్ళు యుద్ధం చేయలేదా అంటే, చేశారు. ఆ దేశపు దక్షిణాన ఫుకెట్ అనే ద్వీపముంది. 1785లో బర్మా సైన్యం ఆ ద్వీపం మీదికి దండెత్తింది. అప్పుడు అక్కడి పాలకుడు చనిపోయి ఉన్నాడు. ఆయన భార్య చాన్, ఆమె చెల్లెలు మూక్, ఇద్దరూ ఊరి జనాన్ని కూడగట్టి ఎదిరించారు. బర్మా సైన్యం వెనక్కి పోయింది. రాజు ఆ ఇద్దరికీ బిరుదులిచ్చాడు. అక్కకు థావ్ థెప్ క్రసత్రి, చెల్లెలికి థావ్ సీ సున్థొన్. ఈ మాటల్ని కొంచెం తిరగేసి చూడండి. దేవ, క్షత్రి, శ్రీ, సుందర అనే మాటలు కనిపిస్తాయి. ఇప్పుడు ఫుకెట్ వెళ్ళేవాళ్ళకి దారి మధ్యలో ఆ అక్కచెల్లెళ్ళ విగ్రహాలు, చేతుల్లో కత్తులతో, కనిపిస్తాయి. జనం దండం పెట్టుకుంటారు.

చూడండి ఎంత విచిత్రమో! కత్తి పట్టిన ఆడవాళ్ళకి విగ్రహాలు కట్టిన దేశమే, గ్లౌజులు తొడుక్కున్న ఆడవాళ్ళని బరి ముట్టుకోవద్దంది. రాతి విగ్రహానికి దండం పెట్టడం సులువు, ఎదురుగా బతికున్న మనిషికి దారివ్వడమే కష్టం.

4. దారి చేసుకున్న వాళ్ళు

ఇప్పుడు మన కాలానికి దగ్గరగా వద్దాం. నలుగురి గురించి చెబుతాను. పేర్లు కాస్త కొత్తగా ఉంటాయి, నిదానంగా చదవండి.

పరిన్యా చరోన్‌ఫోన్: 1981లో పుట్టింది. పుట్టుకతో అబ్బాయిగా లెక్క. కాని చిన్నప్పటి నుంచీ తను అమ్మాయినే అని ఆమె మనసుకు తెలుసు. ఇలాంటి వాళ్ళను ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ అంటున్నాం. ఇంటికి డబ్బు సంపాదించడానికి ముయే థాయ్ నేర్చుకుంది. ముఖానికి అలంకరణ చేసుకుని బరిలోకి దిగేది. 1998లో లుంపినీలో ఆడి గెలిచింది. అప్పట్లో అది పెద్ద వార్త. 1999లో ఆపరేషన్ చేయించుకుని పూర్తిగా స్త్రీ అయింది. ఇక్కడే ఆగి ఆలోచించండి. నిన్న లుంపినీలో గెలిచిన మనిషే, అవే మోకాళ్ళు, అవే మోచేతులు. స్త్రీ అయిన మరుక్షణం నుంచీ, స్త్రీలు అడుగు పెట్టరాదనే నియమం ఆమెకూ వర్తించింది. నియమం విద్యను చూసి పెట్టింది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆమె జీవితం మీద బ్యూటిఫుల్ బాక్సర్ అని ఒక సినిమా కూడా వచ్చింది.

సిల్వీ వాన్ డూగ్లస్ ఇట్టూ: ఈమె అమెరికా దేశస్థురాలు. 2012లో థాయ్‌లాండ్ వచ్చి అక్కడే ఉండిపోయింది. పొట్టి మనిషి. తనకన్నా బరువైన వాళ్ళతో కూడా తలపడింది. థాయ్‌లాండ్‌లో ఆడిన పోటీలు 250 దాటాయి. ఊరి జాతరల బరుల్లో ఎన్నోసార్లు కింది తాడు కింద నుంచి దూరి వెళ్ళింది. తను చూసినదాన్నీ పాత గురువుల దగ్గర నేర్చుకున్నదాన్నీ రాసిపెట్టింది, వీడియోలు తీసి దాచింది. ఆడవాళ్ళ పోటీల సంగతులు, వాళ్ళ పేర్లు గాలికి పోకుండా కాగితం మీదికి ఎక్కడంలో ఆమె పాత్ర ఉంది. ఆట ఆడటం ఒక పని. ఆడినవాళ్ళ గురించి రాయడం ఇంకో పని. రెండూ కావాలి.

స్టాంప్ ఫెయిర్‌టెక్స్: 1997లో రయోంగ్ అనే చోట పుట్టింది. ఫెయిర్‌టెక్స్ అన్నది ఇంటిపేరు కాదు, ఆమె శిక్షణ పొందిన జిమ్ము పేరు. థాయ్ ఆటగాళ్ళు తమ జిమ్ము పేరునే ఇంటిపేరులా పెట్టుకుంటారు. ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో పేరులోనే తెలిసిపోతుంది. స్టాంప్ తండ్రి కూడా ముయే థాయ్ ఆటగాడే. పసితనంలోనే ఆయన దగ్గర నేర్చుకుంది. కాని తనతో ఆడటానికి అమ్మాయిలు దొరక్క కొన్నేళ్ళు ఆట మానేయాల్సి వచ్చింది. ఇందాక మనం జోడీ దొరకదని చెప్పుకున్నామే, అది ఇదే. పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టింది. 2018లో కిక్‌బాక్సింగులో, 2019లో ముయే థాయ్‌లో వన్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీ సంస్థ బెల్టులు గెలిచింది. 2023 సెప్టెంబరులో కుస్తీ, దెబ్బలు అన్నీ కలిసిన మిశ్రమ యుద్ధవిద్యలో కూడా బెల్టు గెలిచింది. ఆ సంస్థలో మూడు వేర్వేరు ఆటల్లో బెల్టులు గెలిచిన మొదటి మనిషి ఆమే. మొదటి ఆడమనిషి అనలేదు, మొదటి మనిషి అన్నాను. మగవాళ్ళలో కూడా అంతకు ముందు ఎవరూ లేరు.

ఫెట్‌జీజా: ఫెట్ అంటే వజ్రం. ఆ మాట కూడా మన వజ్ర నుంచి పోయిందే. ఈమె కథ మీకు బాగా నచ్చుతుంది. పాపగా ఉన్నప్పుడే ఆట మొదలుపెట్టింది. అమ్మాయిలు సరిపడా లేకపోవడంతో అబ్బాయిలతో ఆడేది. ఆడి, ఓడించేది. అలా పేరు మోగిపోయింది. ఇంతలో అమ్మాయికీ అబ్బాయికీ పోటీ పెట్టకూడదన్నారు. ఆమెకు ఆ దారి మూసుకుపోయింది. అబ్బాయిలతో ఆడొద్దు, పెద్ద స్టేడియంలో ఆడొద్దు, అమ్మాయిలు చాలినంతమంది లేరు. ఇక ఏం చేయాలి? ఆమె మామూలు బాక్సింగు వైపు మళ్ళింది. ఆట మారింది గాని సాధన ఆపలేదు. ఆమె సంగతి మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

5. పక్క దారి, మనవాళ్ళు

బాక్సింగు అన్నాను కాబట్టి ఒక్క మాట. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఆడవాళ్ళ బాక్సింగు ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ ఏడాదే మన దేశపు మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. ఆమె మణిపూర్ రాష్ట్రంలోని కోమ్ అనే గిరిజన తెగ అమ్మాయి. ముయే థాయ్ బరి మూసేసి ఉన్న కాలంలో థాయ్ అమ్మాయిలకు కూడా బాక్సింగు ఒక దారి అయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సుదాపోన్ సీసొందీ అనే థాయ్ అమ్మాయి కంచు పతకం గెలిచింది. ఆడవాళ్ళ బాక్సింగులో ఆ దేశానికి అది మొదటి ఒలింపిక్ పతకం.

మనకు దగ్గర సంగతి ఇంకోటుంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి జుతామస్ జిత్‌పోంగ్‌కు ఎదురుగా నిలబడింది ఎవరో తెలుసా? నిజామాబాద్ నుంచి వెళ్ళిన మన నిఖత్ జరీన్. 5-0 తేడాతో నిఖత్ గెలిచి బంగారు పతకం తెచ్చింది. ఆ రోజు బరిలో నిలబడ్డ ఇద్దరూ, ఆడపిల్లకెందుకు ఈ దెబ్బలాట అనే మాటలున్న దేశాల నుంచే వచ్చారు. మనవాళ్ళు గెలిచారని సంతోషపడదాం. ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని కూడా గౌరవిద్దాం.

6. తలుపు ఎలా తెరుచుకుంది?

2020 మార్చిలో కరోనా వచ్చిన కొత్తల్లో లుంపినీలో ఒక పోటీ జరిగింది. చూడటానికి వచ్చిన జనంలో చాలామందికి జబ్బు అంటుకుంది. స్టేడియం మూతపడింది. నెలల తరబడి పోటీల్లేవు. ఆటగాళ్ళకు కూలి లేదు, స్టేడియానికి రాబడి లేదు. మళ్ళీ తెరిచేటప్పుడు నడిపేవాళ్ళు కొన్ని పద్ధతులు మార్చారు. పందేలు కాయడం వద్దన్నారు. ఆడవాళ్ళు కూడా ఆడొచ్చన్నారు. 2021 నవంబరులో లుంపినీ బరిలో మొదటిసారి ఇద్దరు ఆడవాళ్ళు పోటీపడ్డారు. స్టేడియం మొదలైన 65 ఏళ్ళకు! 2022లో రాజదమ్నెన్ కూడా ఆడవాళ్ళకు తెరుచుకుంది.

ఏమైంది? తాయెత్తుల శక్తి పోయిందా? మగవాళ్ళకి దెబ్బలు ఎక్కువయ్యాయా? ఏమీ కాలేదు. వాద్యాలు ఎప్పట్లాగే మోగాయి. గురువందనం ఎప్పట్లాగే జరిగింది.

తలుపు తెరిచినవాళ్ళకి ఒక్కసారిగా న్యాయం గుర్తొచ్చిందని అనుకోకండి. రాబడి కావాలి, కొత్త ప్రేక్షకులు కావాలి, ఆ లెక్క కూడా ఉంది. కాని తలుపు తెరిచిన రోజున లోపలికి పోవడానికి తయారుగా అమ్మాయిలుండాలి కదా? ఉన్నారు. ఎందుకున్నారు? జాతర బరుల్లో, తక్కువ డబ్బుకు, కింది తాడు కింద నుంచి దూరుతూ అయినా ఆడటం మానని వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ విద్యను నిలబెట్టారు కాబట్టి. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ పాఠంలో నలుగురి పేర్లు రాశాం గాని, ఆ పేరు లేని వాళ్ళందరూ కూడా ఈ పాఠంలో ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు ఫెట్‌జీజా దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరు 22న ఆమె ఒక ప్రపంచ స్థాయి కిక్‌బాక్సింగు పోటీలో అనిస్సా మెక్సెన్ అనే పేరుమోసిన ఛాంపియన్‌ను ఓడించి తాత్కాలిక బెల్టు గెలిచింది. 2024 మార్చిలో అమెరికా ఛాంపియన్ జానెట్ టాడ్‌ను ఓడించి పూర్తి బెల్టు తీసుకుంది. ఈ రెండు పోటీలూ ఎక్కడ జరిగాయి? లుంపినీలో! మార్చిలో జరిగిన ఆ కార్యక్రమం అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా పెట్టింది. అందులో మొదటి నుంచి చివరి దాకా అన్నీ ఆడవాళ్ళ పోటీలే. ఒకప్పుడు ఆడది చెయ్యి ఆనించకూడదన్న బరి మీద ఆ రోజు ఆడిన వాళ్ళంతా ఆడవాళ్ళే.

7. ఇంకా మిగిలినవి

అంతా బాగైపోయిందని రాస్తే పాఠం అబద్ధమవుతుంది. కింది తాడు ఆచారం కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఈ ఆటలో ఇంకో బాధ కూడా ఉంది. పేద ఇళ్ళ పిల్లలు ఎనిమిదేళ్ళకీ పదేళ్ళకీ డబ్బు కోసం బరిలోకి దిగుతారు. తలకు దెబ్బలు తగిలితే పెరిగే మెదడుకు హాని అని డాక్టర్లు చెబుతున్నారు. 2018లో 13 ఏళ్ళ అబ్బాయి పోటీలో దెబ్బలు తిని చనిపోయాడు. చిన్నపిల్లల పోటీల మీద ఆ దేశంలో పెద్ద చర్చ జరిగింది. అమ్మాయిలకు దారి కావాలి, నిజమే. ఆ దారి పిల్లల ప్రాణానికి ముప్పు లేనిదిగా కూడా ఉండాలి. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు.

తమ్ముళ్ళకు ఒక మాట. ఈ పాఠం చదివి హాస్టలు వరండాలో మోచేతి దెబ్బలు, మోకాలి దెబ్బలు ప్రయత్నించకండి. గురువు లేకుండా ఇది విద్య కాదు, కొట్లాట. వై ఖ్రూ ముందు, దెబ్బ తర్వాత.

8. మనం నేర్చుకున్నది

ఒక నియమం చాలా పాతదని చెబుతారు. తాతల నాటిదంటారు. మార్చితే అరిష్టమంటారు. లుంపినీ బరి 1956 నాటిది. మన తాతల్లో కొందరు దానికన్నా పెద్దవాళ్ళు! 65 ఏళ్ళు మారదన్నది, ఒక్క సాయంత్రం మారింది. పాత ఆచారమల్లా చెడ్డదని దీని అర్థం కాదు. గురువుకు దండం పెట్టడం పాతదే, అది ఈనాటికీ ఉంది, ఉండాలి కూడా. గురువందనం మనిషిని మర్యాదగా వంచుతుంది. కింది తాడు మనిషిని తక్కువ చేసి వంచుతుంది. రెండూ వంగడమే గాని రెండూ ఒకటి కాదు. ఏది ఏదో తేల్చుకోవడానికే మనకు చదువు.

ఆలోచించి రాయండి

1. ముయే థాయ్‌ను ఎనిమిది అంగాల విద్య అని ఎందుకంటారు?
2. లుంపినీ మొదలైంది 1956లో, ఆడవాళ్ళ తొలి పోటీ 2021లో. మధ్యలో ఎన్నేళ్ళు? ఆ కాలంలో ఒక పదేళ్ళ పాప ఎంతదవుతుంది?
3. ఖ్రూ, మొంఖొన్, ఫెట్, లుంపినీ: ఈ థాయ్ మాటలకు మన మాటలు రాయండి.
4. పరిన్యాకు లుంపినీ తలుపు ఎప్పుడు తెరిచి ఉంది, ఎప్పుడు మూసుకుపోయింది? ఎందుకు?
5. మన ఊళ్ళో, మన బడిలో, మన ఇంట్లో ఆడపిల్లల్ని వంగి దూరమనే కింది తాళ్ళు ఏమైనా ఉన్నాయా? అమ్మనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి తెలుసుకోండి. పేరు రాయనక్కర్లేదు. చీటీ మీద రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. మంచివి వచ్చే పత్రికలో రాద్దాం.